ట్రస్టీగా సంతకం పెట్టే ముందు

రచయితల పేరిట నడిచే స్మారక ట్రస్టులు, గ్రంథాలయాలు, రాతప్రతుల సేకరణల గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు, పేట పేరు మాత్రం ఉంచాం.

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఒక దివంగత కథారచయిత పేరిట నడుస్తున్న ట్రస్టువారు నన్ను ట్రస్టీగా రమ్మంటున్నారు. జీతం లేదు, నెలకో సమావేశం ఉంటుంది, అంతే అంటున్నారు. ఒప్పుకునే ముందు ఏమేం చూసుకోవాలి?
— సీతమ్మధార

నెలకో సమావేశం మాట నిజమే కావచ్చు. అయితే ఆ సమావేశంలో మీరు పెట్టే సంతకానికి చట్టపరమైన బాధ్యత ఉంది. అందుకని ముందు కాగితాలు అడిగి తీసుకోండి. ట్రస్టు పత్రం, దానికి తర్వాత చేసిన సవరణలు, గత 3 ఏళ్ల ఆడిట్ అయిన జమాఖర్చులు, ఆదాయపన్ను నమోదు పత్రాలు, గత 2 ఏళ్ల మినిట్స్ పుస్తకం, ట్రస్టు చేతిలో ఉన్న పుస్తకాల, రాతప్రతుల జాబితా, ఇల్లో స్థలమో ఉంటే దాని దస్తావేజులు. ఇవి చూపించడానికి మొహమాటపడే సంస్థలో మీరు మొహమాటం కొద్దీ చేరకండి.

ట్రస్టు పత్రాన్ని నింపాదిగా చదవండి. ఆశయాల దగ్గర ‘సాహిత్య సేవ’ అని ఒక్క ముక్క రాసి వదిలేసిన పత్రాలు చాలా కనిపిస్తాయి. రాతప్రతులు సేకరించడం, భద్రపరచడం, ప్రచురించడం, పరిశోధకులకు చూపించడం అని విడివిడిగా రాసి ఉంటేనే రేపు ఆ పనుల మీద పెట్టే ఖర్చుకు ప్రశ్న రాదు. ట్రస్టీ పదవీకాలం ఎంత, ఖాళీ వస్తే ఎవరు నింపుతారు, కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు) ఎంత, బ్యాంకు ఖాతా మీద ఎవరెవరి సంతకాలు, ట్రస్టు మూతపడితే సేకరణ ఎవరికి చెందుతుంది అన్నవి కూడా చూడండి. చివరిది చాలా పత్రాల్లో ఉండదు. లేకపోతే సంస్థ ఆగిపోయిన నాడు రాతప్రతులు ఎవరింటికి పోతాయో చెప్పలేం.

అన్నిటికన్నా ముఖ్యం రాజీనామా నిబంధన. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ప్రైవేటు ట్రస్టులకు ఉద్దేశించినదే అయినా, అందులోని సూత్రాలనే కోర్టులు ప్రజా ట్రస్టులకూ అన్వయిస్తాయి. ఆ చట్టం 46వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ పదవిని ఒకసారి స్వీకరించాక ఊరికే వదిలేయడం కుదరదు. కోర్టు అనుమతి ఉండాలి, లేదా లబ్ధిదారుల సమ్మతి ఉండాలి, లేదా తప్పుకునే వీలు ట్రస్టు పత్రంలోనే రాసి ఉండాలి. సాహిత్య ట్రస్టుకు లబ్ధిదారులు లోకంలోని పాఠకులంతా. వాళ్లందరి సమ్మతి ఎక్కడ తెస్తారు? కాబట్టి ‘నెల రోజుల నోటీసుతో రాజీనామా చేయవచ్చు’ లాంటి వాక్యం పత్రంలో లేకపోతే, సవరణకు అధికారం ఉన్న చోట ఆ వాక్యం చేర్పించాకే చేరండి.

జమాఖర్చుల్లో మీ బ్యాంకు అనుభవం అక్కరకొస్తుంది. ట్రస్టీలకు గానీ వాళ్ల బంధువులకు గానీ అప్పు, అద్దె, ముద్రణ ఛార్జీల రూపంలో డబ్బు వెళ్లిందేమో చూడండి. అలాంటి లబ్ధి కనిపిస్తే పన్ను మినహాయింపే పోవచ్చు. శాశ్వత నిధి కింద ఇచ్చిన విరాళానికి దాత రాతపూర్వక సూచన ఫైల్లో ఉందా, ఆ డబ్బు విడిగా పెట్టుబడిలో ఉందా అన్నది రెండోది. మూడోది, ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాల మీద ఖర్చయిందా, మిగుల్చుకుంటే దానికి కావలసిన ఫారం గడువులోగా దాఖలు చేశారా అన్నది.

పన్ను నమోదుకు గడువు తేదీ ఉంటుంది. కొత్త సంస్థకు ఇచ్చే తాత్కాలిక నమోదు 3 ఏళ్లు, ఆ తర్వాతది 5 ఏళ్లు. చిన్న సంస్థలకు 10 ఏళ్ల వెసులుబాటు వచ్చింది. గడువు ముగిసేలోగా పునరుద్ధరణకు దరఖాస్తు చేయకపోతే ట్రస్టు నికర ఆస్తుల మార్కెట్ విలువ మీద గరిష్ఠ రేటుతో పన్ను పడే ప్రమాదం ఉంది, అది కట్టకపోతే ట్రస్టీల మెడకు చుట్టుకుంటుంది. సొంత భవనం ఉన్న ట్రస్టుకు ఇది ప్రాణాంతకం. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చింది గనుక, మనం అలవాటుగా 12ఏ (ట్రస్టు పన్ను మినహాయింపు నమోదు), 80జి (దాతకు పన్ను తగ్గింపు) అనే సెక్షన్ల అంకెలూ ఫారాల అంకెలూ మారాయి. ఆడిటర్ చేత కొత్త అంకెలతో ఒక తేదీల పట్టిక రాయించి గోడకు అంటించండి.

కాగితాలన్నీ బాగున్నా ఇంకొక్క పని చేయండి. సేకరణ జాబితాలోంచి మీకు తోచిన 10 వస్తువులను టిక్కు పెట్టి, వాటిని బీరువాలోంచి తెచ్చి చూపించమనండి. ఆరే దొరికాయంటే, మీరు చేరకముందే ఆ మాట మినిట్స్‌లో రాయించాలి. లేదంటే ఆ లోటు మీ హయాంలో జరిగినట్టు అవుతుంది. వీలైతే ట్రస్టీ కాకముందు ఆహ్వానితులుగా రెండు సమావేశాల్లో కూర్చోండి. చర్చ జరుగుతుందా, ముందే రాసుకొచ్చిన తీర్మానాలు చదివి చప్పట్లు కొడతారా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఇక ఒప్పుకున్నాక: తేదీ వేసిన సమ్మతి పత్రం, మిమ్మల్ని తీసుకున్నట్టు తీర్మానం, బ్యాంకులో కేవైసీ, ఆదాయపన్ను పోర్టల్‌లో ట్రస్టీల వివరాల మార్పు. ఈ నాలుగో పని మరిచిపోయే సంస్థలే ఎక్కువ. చనిపోయిన ట్రస్టీ పేరు రికార్డుల్లో అలాగే ఉండిపోయి, ఫారం దాఖలు చేయాల్సిన రోజున ఓటీపీ ఎవరికీ అందని ఫోనుకు వెళ్తుంది.

నాకు 27 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సాహిత్యం చదవడం ఇష్టమే గానీ పాండిత్యం లేదు. ఇలాంటి సంస్థలో నాలాంటివాళ్లకు చోటుంటుందా?
— మధురవాడ

తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. చాలా సాహిత్య ట్రస్టుల్లో పండితులకు కొరత లేదు, కాటలాగు చేసేవాళ్లకూ లెక్కలు చూసేవాళ్లకూ ఉంది. ట్రస్టీ కావడానికి 18 ఏళ్లు నిండి, ఒప్పందం చేసుకునే అర్హత ఉంటే చాలు. అయినా నేరుగా ట్రస్టీగా కాక, 6 నెలలో ఏడాదో స్వచ్ఛంద కార్యకర్తగా ఒక పని పట్టుకోండి.

మీకు సరిపోయే పని స్కానింగ్. అచ్చు పుస్తకానికి 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న స్పష్టత కొలత), చేతిరాతకు 400 డీపీఐ పెట్టుకోండి. 400 డీపీఐలో ఏ4 రంగు పేజీ ఒకటి కుదించని టిఫ్ ఫైలుగా సుమారు 46 ఎంబీ అవుతుంది, అంటే 1,000 పేజీలకు 46 జీబీ. బడ్జెట్ అడిగేటప్పుడు ఈ లెక్క చెబితే ట్రస్టీలకు అర్థమవుతుంది. పాత కుట్టు పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. పుస్తకాన్ని సగమే తెరిచి ఊతం మీద ఉంచి, పైనుంచి కెమెరాతో తీయాలి. మూడు ప్రతులు ఉంచండి, అందులో ఒకటి విశాఖ బయట. తుఫాను ఒకే రోజున ఊరంతటినీ తాకుతుంది.

ఈ పని చేస్తుండగా సంస్థ డబ్బు ఎలా నడుస్తోందో, నిర్ణయాలు ఎవరు చేస్తారో మీకే కనిపిస్తుంది. ట్రస్టీ కావాలో వద్దో అప్పుడు నిర్ణయించుకోండి.

మా తాతగారు కవి. ఆయన నోటుపుస్తకాలు, ఆయనకు ఇతర రచయితలు రాసిన ఉత్తరాలు, కొన్ని తాళపత్రాలు మా ఇంట్లో ఉన్నాయి. ఒక ట్రస్టుకు ఇద్దామనుకుంటున్నాం. మా తమ్ముడు మాత్రం తాళపత్రాలు తనతో అమెరికా తీసుకెళ్తానంటున్నాడు.
— భీమిలి

ముందు తమ్ముడి సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు నిండిన రాతప్రతి పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. విమానాశ్రయంలో పట్టుబడితే తాళపత్రాలూ పోతాయి, కేసూ మిగులుతుంది. మంచి స్కాన్ తీయించి ఆ ఫైళ్లు ఇవ్వండి.

ఇక దానం. కాగితం మీద హక్కు వేరు, అందులోని రచన మీద హక్కు వేరు. నోటుపుస్తకాలు ట్రస్టుకు ఇచ్చినంత మాత్రాన వాటిని అచ్చువేసే హక్కు ట్రస్టుకు రాదు. ట్రస్టులూ కుటుంబాలూ గొడవపడే చోటు ఇదే కనుక కాస్త వివరంగా చెప్పుకుందాం.

1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత బతికుండగా వెలువడిన రచనకు, ఆయన కన్నుమూసిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన జీవితకాలంలో అచ్చయినవి ఎవరైనా వేసుకోవచ్చు. మన ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు గనుక ఆ హక్కు 2043 డిసెంబరు చివరిదాకా ఉంటుంది. 1993లో పోయిన రావిశాస్త్రి రచనలకు 2053 దాకా. మీ తాతగారు పోయిన ఏడాదితో ఇలాగే లెక్క కట్టండి. ఆయన బతికుండగా అచ్చు కానిది పోయాక తొలిసారి అచ్చయితే, ఆ అచ్చయిన ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. అందుచేత అముద్రిత నోటుపుస్తకాన్ని ‘పాతదే కదా’ అని ఎవరూ వేసేయకూడదు.

ఉత్తరాల లెక్క ఇంకోలా ఉంటుంది. కాగితం అందుకున్న తాతగారిది, కాబట్టి ఇప్పుడు మీది. అందులోని మాటలు రాసినవారివి, వారి వారసులవి. మీరు ఉత్తరాలను దానం చేయవచ్చు, ప్రచురణకు అనుమతి మాత్రం ఇవ్వలేరు.

దానపత్రంలో ఇవి ఉండేలా చూడండి. వస్తువుల జాబితా: ‘నోటుపుస్తకాలు ఒక పెట్టె’ అని రాయకుండా ఒక్కోదానికీ అంకె, పేజీల సంఖ్య, మొదటి పంక్తి. పూర్తి దానమా, భద్రత కోసం అప్పగించడమా. ఎవరు చదవవచ్చు. కుటుంబ విషయాలున్న ఉత్తరాలను కొన్నేళ్లు మూసి ఉంచాలా, ఉంచితే ఏ తేదీదాకా. ట్రస్టు మూతపడితే ఏ గ్రంథాలయానికి వెళ్లాలి. ప్రచురణ హక్కు కూడా ఇవ్వదలిస్తే అది విడిగా, రాతపూర్వకంగా, కాలమూ ప్రాంతమూ చెబుతూ ఉండాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వీలునామా లేకపోతే హక్కు వారసులందరిదీ. మీ ఒక్కరి సంతకం చాలదు, తమ్ముడిదీ, మేనత్తలుంటే వాళ్లదీ కావాలి.

ఇచ్చేముందు ఆ ట్రస్టు బీరువాలు ఉన్న గదిని వెళ్లి చూడండి. నచ్చకపోతే ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో అడిగి చూడండి. తాళపత్రాలను భద్రపరచే అనుభవం ఉన్న చోటు అది.

అమెరికాలో ఉన్న మా బంధువులు ట్రస్టుకు విరాళం పంపుతామంటున్నారు. నేరుగా తీసుకోవచ్చా?
— ఎం.వి.పి. కాలనీ

ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, ఏ పాస్‌పోర్టు ఉందన్నది చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదుతో కలిపి ఫైల్లో పెట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ మూలమే. వారి దగ్గర తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు కావాలి. దానికి సంస్థ 3 ఏళ్లుగా నడుస్తూ, ఆ కాలంలో ఆశయాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. నమోదయ్యాక డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. చిన్న ట్రస్టు అయితే ఒక దాత, ఒక మొత్తం, ఒక పని చూపించి ముందస్తు అనుమతి అడగవచ్చు.

‘అమ్మా నాన్నల ఖాతాలో వేస్తాం, వాళ్లు ట్రస్టుకు ఇస్తారు’ అనే దారి తొక్కకండి. చేతులు మారినా అది విదేశీ విరాళమే.

స్వదేశీ విరాళాల గురించీ ఒక మాట: 2,000 రూపాయలు దాటిన నగదుకు దాతకు పన్ను తగ్గింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. రసీదు ఇచ్చేటప్పుడే చెప్పేస్తే తర్వాత నిష్ఠూరాలుండవు.

ట్రస్టు పెట్టాలా, సొసైటీగా నమోదు చేయాలా?
— గాజువాక

సభ్యులు చేరుతూ, ఎన్నికలు జరుగుతూ ఉండే సాహితీ సంఘమైతే సొసైటీ: 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, కనీసం 7గురు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు. ఒక సేకరణనో ఇంటినో తరతరాలు కాపాడడమే పనైతే ట్రస్టు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో. సొసైటీలో ఎన్నిక గెలిచిన కొత్త వర్గం మొత్తం దిశనే మార్చగలదు. రాతప్రతుల విషయంలో ఆ అస్థిరత మంచిది కాదని మా అభిప్రాయం. స్థిరాస్తి ఉంటే, 1987 నాటి దేవాదాయ చట్టం మీ సంస్థకు ఎంతవరకు వర్తిస్తుందో న్యాయవాది అభిప్రాయం రాతలో తీసుకోండి. ఆలయాల చట్టంగానే దాన్ని అనుకుంటాం గానీ ప్రజా ధర్మసంస్థలూ దాని పరిధిలో ఉన్నాయి. ఆస్తి అమ్మకానికి ముందస్తు అనుమతి అవసరం పడే సందర్భం అది.

నేను రెండేళ్లుగా ట్రస్టీని. అధ్యక్షులు పెద్దాయన, అన్నీ తానే చూస్తారు. లెక్కలు అడిగితే ‘నమ్మకం లేదా’ అంటారు. నేనేం చేయాలి?
— అక్కయ్యపాలెం

లెక్కలు అడగడం మీ విధి. ట్రస్టీలు కలిసి నిర్ణయించాలి, ఒకరు తన పనిని మరొకరికి వదిలేయకూడదు అన్నవి ట్రస్టు చట్టంలోని మౌలిక సూత్రాలు. సహ ట్రస్టీ చేసిన తప్పుకు మామూలుగా మీరు బాధ్యులు కారు. తెలిసీ ఊరుకున్నా, డబ్బు ఆయనకు అప్పగించి పట్టించుకోకపోయినా బాధ్యులే. మౌనంగా గడిచిన రెండేళ్లు మీకు రక్షణ ఇవ్వవు.

పెద్దాయన గౌరవానికి లోటు రాకుండానే చేయవచ్చు. తదుపరి సమావేశపు ఎజెండాలో మూడు అంశాలు రాతపూర్వకంగా అడగండి: మూడు నెలలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటు ట్రస్టీలందరికీ ఇవ్వడం, చెక్కు మీద రెండు సంతకాలు, ఏటా ఒకసారి సేకరణ తనిఖీ. ఎవరి మీదా ఆరోపణ లేకుండా ఇవి పద్ధతులుగా వెళ్తాయి. తిరస్కరిస్తే మీ భిన్నాభిప్రాయం మినిట్స్‌లో రాయించండి. రాయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తర్వాత ఆడిటర్‌కు లేఖ. నిధులు దారి మళ్లాయన్న ఆధారం ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ట్రస్టుతో సంబంధమున్న ఇద్దరు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. కోపంతో రాజీనామా చేసి వచ్చేస్తే పాత బాధ్యత పోదు, అడిగే హక్కు మాత్రం పోతుంది.

ట్రస్టీకి గౌరవ వేతనం తీసుకోవచ్చా?
— పెందుర్తి

ట్రస్టు పత్రంలో రాసి ఉంటే తప్ప కూడదు. ట్రస్టు పని మీద అయిన బస్సు, ఆటో, పోస్టు ఖర్చులు బిల్లుతో తీసుకోవచ్చు. మీ ప్రెస్సులో ట్రస్టు పుస్తకం వేయించాలంటే కనీసం మూడు కొటేషన్లు తెప్పించి, నిర్ణయం జరిగేటప్పుడు మీరు బయట కూర్చోండి. ట్రస్టు అమ్మే వస్తువును ట్రస్టీ కొనుక్కోకూడదు, పాత బీరువా అయినా సరే.

వన్‌టౌన్‌లో మా ట్రస్టుకు కింది అంతస్తులో ఒక గది ఇచ్చారు. సముద్రం దగ్గరే. పుస్తకాలు, రాతప్రతులు అక్కడ పెట్టవచ్చా?
— మహారాణిపేట

చదువుకునే గదిగా వాడుకోండి, రాతప్రతులు మాత్రం అక్కడ వద్దు. కింది అంతస్తుకు చెదలూ కాలువ నీళ్లూ, పై అంతస్తుకు కప్పు కారడమూ ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కిటికీలు పెరికి వాననీటిని గదుల్లోకి కొట్టింది. మధ్య అంతస్తులో, బయటి గోడ తగలని లోపలి గది దొరికితే అదే మేలు.

విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటుతుంది. 65 దాటితే బూజు మొదలవుతుంది. గదిలో తేమను కొలిచే చిన్న మీటరు పెట్టి, పొద్దునా సాయంత్రం అంకె రాసుకోండి, 45 నుంచి 55 మధ్య ఉంటే మంచిది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం అసలు వేయకపోవడం కన్నా చెడ్డది, చల్లబడిన కాగితం మీద రాత్రి తేమ చేరుతుంది. తేమ తగ్గించే యంత్రం, ఆగకుండా తిరిగే ఫ్యాను మేలు. స్టీలు అరలు గోడకు, నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎడంగా ఉండాలి.

ఉప్పుగాలికి పిన్నులు, క్లిప్పులు తుప్పుపట్టి కాగితాన్ని తింటాయి, ముందు వాటిని తీసేయండి. సెల్లోటేపు, లామినేషన్ వద్దు, చేసింది వెనక్కి తీయలేం. పాత వార్తాపత్రికల్లో చుట్టకండి, ఆ కాగితంలోని ఆమ్లం పక్కదానికి పాకుతుంది. పురుగు పట్టిన పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే తేమ దిగుతుంది. గంటంతో గీసిన తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె పలుచగా రాయవచ్చు. సిరాతోనో రంగులతోనో రాసినవైతే నూనె తగలనివ్వకండి.

తుఫాను నెలలు అక్టోబరు, నవంబరు. సెప్టెంబరులోనే ఒక కాగితం సిద్ధం చేసుకోండి: ముందుగా తరలించాల్సిన 50 వస్తువులు, అవి ఉన్న అర, తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి, మూతగట్టి ప్లాస్టిక్ పెట్టెలు ఎన్ని. తడిస్తే చేతిలో ఉండేది 48 గంటలు, ఆ తర్వాత బూజు. తడి పేజీలను విడదీయకండి, ఎండలో పెట్టకండి. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, మధ్యమధ్య అద్దుడు కాగితం మార్చుతుండాలి. వందల పుస్తకాలు ఒకేసారి తడిస్తే ఆరబెట్టడం మీ వల్ల కాదు, గడ్డకట్టించి నిదానంగా ఒక్కొక్కటీ తీసుకోవాలి. ఈ ఊళ్లో రొయ్యల ఎగుమతిదారులకు మైనస్ 18 డిగ్రీల శీతల గిడ్డంగులున్నాయి. అలాంటి ఒకదాని యాజమాన్యంతో తుఫానుకు ముందే మాట్లాడి, కరెంటు పోయినా జనరేటరు నడుస్తుందో లేదో కనుక్కుని, ఆ ఫోను నంబరు ఆ కాగితం మీదే రాసిపెట్టండి.